తలపాగా గుర్తు

సౌదీ అరేబియా తూర్పు తీరంలో ధహ్రాన్, అల్ ఖోబార్, దమ్మామ్ మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయిన ఊళ్ళు. ఇక్కడ కొన్నేళ్ళు బతికిన తెలుగువాడికి యుద్ధ విమానాల చప్పుడు కొత్త కాదు. మన ఊళ్ళో గుడి గోపురం మీద వాలే కాకుల్ని ఎవరూ తలెత్తి చూడనట్టే, ఇక్కడ ఆ విమానాలనీ ఎవరూ చూడరు. కొత్తగా వీసా మీద దిగినవాడు మాత్రం మొదటి వారం తలెత్తి చూస్తాడు. రెండో వారం నుంచి వాడూ మామూలే.

ఆ విమానాల్ని నడిపేవాళ్ళ గురించీ, వాటిని బాగుచేసి ఎగరడానికి సిద్ధం చేసేవాళ్ళ గురించీ మనకి తెలిసేది తక్కువ. తెలియజేసే చిన్న వస్తువు ఒకటుంది. అది వాళ్ళ భుజం మీదో ఛాతీ మీదో కుట్టుకునే గుడ్డ బిళ్ళ. దాన్ని ప్యాచ్ అంటారు, మనం బ్యాడ్జీ అనుకోవచ్చు. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ని ఆక్రమించాక అమెరికా సైన్యం లక్షల్లో వచ్చి సౌదీలో దిగింది. వాళ్ళు వచ్చిన కొద్ది నెలల్లోనే ఇక్కడి దర్జీలకి ఒక కొత్త బేరం దొరికింది. ఒక్కో దళం తన సొంత బొమ్మ గీసుకుని తెచ్చేది, బజారులోని కుట్టు మిషను దాన్ని రంగు దారాలతో గుడ్డ మీదికి ఎక్కించేది. ఎడారి తేలు, ఒంటె, ఖర్జూరపు చెట్టు, విమానం, దాని కింద ఒక కొంటె మాట. ఇవాళ పాత సైనిక వస్తువులు పోగుచేసేవాళ్ళు ఈ స్థానికంగా కుట్టిన బిళ్ళల్ని ఫ్యాక్టరీ బిళ్ళల కంటే ఎక్కువ ముచ్చటపడి కొనుక్కుంటారు. దారం ముతక, అక్షరం వంకర, అదే దాని విలువ. గల్ఫ్ బజార్లలో మిషను తొక్కే దర్జీలు ఎక్కువమంది మన ఉపఖండం వాళ్ళే కాబట్టి, ఆ వంకర అక్షరం వెనక ఏ దేశపు వేళ్ళున్నాయో ఊహించడం కష్టం కాదు.

విమానాల మరమ్మతు బృందాలకి ఈ బిళ్ళల మీద మోజు మరీ ఎక్కువ. దానికి కారణం ఉంది. పైలట్ పేరు పేపర్లో వస్తుంది. మెకానిక్ పేరు రాదు. వాడి పని చాలావరకు రాత్రిపూట. ఎండాకాలం మధ్యాహ్నం ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలబెట్టిన విమానం రేకు మీద ఒట్టి చెయ్యి పెడితే చర్మం ఊడి వస్తుంది. షమాల్ గాలి లేస్తే సన్నటి ఇసుక పిండిలా ఎగిరి ఇంజను లోపలికి, వడపోతల్లోకి, కీళ్ళల్లోకి దూరుతుంది. పనిముట్ల పెట్టెలో ఒక్కో పానాకీ, ఒక్కో స్క్రూడ్రైవరుకీ దాని ఆకారంలోనే గూడు చెక్కి ఉంటుంది. పని అయ్యాక ఒక్క గూడు ఖాళీగా కనిపించినా ఆ పానా దొరికేదాకా విమానం కదలదు. రన్‌వే పక్కన అందరూ వరసగా నిలబడి, వరి చేలో కలుపు తీసే కూలీల్లా వంగి, చిన్న రాయి, చిన్న మేకు ఏరుకుంటూ నడుస్తారు. ఇంజను మింగితే ఒక్క మేకు చాలు ప్రాణం తీయడానికి. ఇంత చేసినవాడికి మిగిలే గుర్తు ఆ గుడ్డ బిళ్ళ. అమెరికన్లు ఇంకొక్క మర్యాద చేస్తారు. విమానం మీద పైలట్ పేరుతో పాటు ఆ విమానం బాధ్యత చూసే క్రూ చీఫ్ పేరూ రాస్తారు.

ఈ బిళ్ళల గురించి చదువుతూ పోతే ఒకచోట మన తెలుగు నేల తగులుతుంది. ఖోబార్ నుంచి బహ్రెయిన్‌కి 1986లో తెరిచిన కింగ్ ఫహద్ వంతెన పొడవు 25 కిలోమీటర్లు. దాని అవతల ముహర్రఖ్ దీవి మీద విమానాశ్రయం ఉంది. ధహ్రాన్ వైమానిక స్థావరం నుంచి అక్కడికి పక్షి ఎగిరినట్టు పోతే 50 కిలోమీటర్లు. 1958 నుంచి 1967 దాకా అక్కడ బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ వారి 152వ స్క్వాడ్రన్ ఉండేది. పెంబ్రోక్, ట్విన్ పయనీర్ అనే చిన్న రవాణా విమానాలు నడిపేది. ఆ స్క్వాడ్రన్ బ్యాడ్జీ మీద ఉన్న బొమ్మ ఏమిటో తెలుసా? హైదరాబాద్ నిజాం తలపాగా. ఆ దళం పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్.

నిజాం తలపాగా బహ్రెయిన్ ఇసుకలోకి ఎలా వచ్చింది? అదే ఈ కథ.

బ్రిటిష్ వాళ్ళ పద్ధతి అమెరికన్ల పద్ధతిలా సరదాగా ఉండదు. అక్కడ స్క్వాడ్రన్ బ్యాడ్జీ అంటే రాజముద్ర లాంటిది. 1930ల మధ్య నుంచి దానికి ఒక ఏర్పాటు ఉంది. కులచిహ్నాల లెక్కలు చూసే అధికారి బొమ్మని సరిచూస్తాడు, రాజు సంతకం పెడతాడు. చుట్టూ ఒకే రకం గుండ్రని చట్రం, పైన కిరీటం, కింద పట్టీ మీద ఒక నినాదం. మధ్యలో బొమ్మ మాత్రం దళానికి సొంతం. 152 వాళ్ళ పట్టీ మీద ఉన్న రెండు ఇంగ్లీషు మాటలకి అర్థం 'నమ్మకమైన మిత్రుడు'. ఆ మాటలు స్క్వాడ్రన్ వాళ్ళు కల్పించుకున్నవి కావు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 1918లో బ్రిటిష్ ప్రభుత్వం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి ఇచ్చిన బిరుదు అది.

ఆ సాయంలో విమానాలూ ఉన్నాయి. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరిన 110వ స్క్వాడ్రన్ డి.హెచ్.9ఎ బాంబర్లు నిజాం కానుక. ప్రతి విమానం మీదా హైదరాబాద్ నిజాం ఇచ్చిన కానుక అని అక్షరాలు రాశారు. జర్మనీ మీదికి పగటిపూట దూరప్రయాణాలు చేయడం ఆ దళం పని. నష్టాలు ఎక్కువ. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్లకి చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే తూర్పుకి తరలించారు, చివరికి పోలండ్‌లోని క్రకోవ్‌లో తేలింది. 1977లో బ్రిటిష్ వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్‌ని బదులిచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్ పేరు మోసిన ఆ విమానం హైదరాబాద్ ఎన్నడూ చూడలేదు.

రెండో యుద్ధంలో ఈ కానుకలు మళ్ళీ మొదలయ్యాయి. 1940లో బ్రిటన్ విమానాల మంత్రి బీవర్‌బ్రూక్ ప్రజల్ని చందాలడిగాడు. 5,000 పౌండ్లు పోగుచేస్తే ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చినట్టు లెక్క. ఊరు పేరో, సంఘం పేరో దాని మీద రాస్తారు. ఏకంగా స్క్వాడ్రన్‌కి సరిపడా ఇస్తే ఆ స్క్వాడ్రన్ పేరులోనే దాత పేరు చేరుతుంది. 110కి 'హైదరాబాద్' పేరు మొదటి యుద్ధపు కానుకతోనే వచ్చింది; ఇప్పుడు 152 కూడా 'హైదరాబాద్' అయింది, 253వది 'హైదరాబాద్ స్టేట్' అయింది. 253 వాళ్ళ బ్యాడ్జీ మీద ఇనుప కవచం తొడిగిన చెయ్యి, అందులో ఒక భారతీయ యుద్ధపు గొడ్డలి.

తెలంగాణ సంగతి ఇదైతే, కోస్తా, రాయలసీమ పాఠకులు తమకేం సంబంధం లేదనుకోనక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ చందాలతో 79, 234, 264 స్క్వాడ్రన్లు మూడూ 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అనిపించుకున్నాయి. అప్పటి ప్రెసిడెన్సీ అంటే గంజాం సరిహద్దు నుంచి చిత్తూరు దాకా మన జిల్లాలన్నీ అందులోవే. అయితే హైదరాబాద్‌కి దొరికిన గౌరవం వీటికి దొరకలేదు. ఒకదాని బ్యాడ్జీ మీద సాలమాండర్ అనే నిప్పు బల్లి, ఇంకోదాని మీద నిప్పులు కక్కే డ్రాగన్, మూడోదాని మీద శిరస్త్రాణం. మద్రాసు వాసన ఎక్కడా లేదు. ఒక రాజు ఇస్తే అతని తలపాగా బొమ్మయింది, జనం ఇస్తే ఉత్త పేరు మిగిలింది.

152వ స్క్వాడ్రన్ 1939 అక్టోబరులో పాత గ్లాడియేటర్ బైప్లేన్లతో మళ్ళీ ఏర్పడింది. 1940 మొదట్లో స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ జులైలో దక్షిణ ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్‌కి మారి పోర్ట్‌లాండ్ నౌకాస్థావరం మీది ఆకాశం కాపలా కాసింది. బ్రిటన్ ఆకాశ యుద్ధం అని చరిత్రలో చదువుకునేది ఇదే. అక్కడ ఒక్కో విమానానికీ నేల మీద ఇద్దరు ముఖ్యులు. రెక్కలు, ఒళ్ళు చూసేవాడు రిగ్గర్. ఇంజను చూసేవాడు ఫిట్టర్. తుపాకులకి ఆర్మరర్ వేరు. విమానం దిగగానే పెట్రోలు పోయడం, రెక్కల్లోని ఎనిమిది తుపాకులకీ తూటాల పట్టీలు ఎక్కించడం, ఆక్సిజన్ సీసా మార్చడం, అద్దం తుడవడం, అన్నీ నిమిషాల మీద జరగాలి. పైలట్ సగం సిగరెట్ తాగేలోగా విమానం మళ్ళీ సిద్ధం. వాళ్ళల్లో ఎవరికైనా హైదరాబాద్ ఎక్కడుందో తెలుసో లేదో గానీ, వాళ్ళ చేతుల్లో జిడ్డోడిన ప్రతి విమానమూ ఆ ఊరి పేరున్న దళానిదే.

1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికాకి, అక్కణ్ణించి మాల్టా, సిసిలీ, ఇటలీలకి పోయి, 1943 ఆఖరుకి ఆ దళం బర్మా యుద్ధానికి వచ్చింది. ఇంఫాల్ ముట్టడి రోజుల్లో అక్కడే ఉంది. ఇక్కడే ఒక ముచ్చటైన సంగతి జరిగింది. లండన్‌లో రాజు సంతకం పెట్టిన బ్యాడ్జీలో తలపాగా ఉంటే, బర్మా అడవిలోని స్పిట్‌ఫైర్ల పక్కన మాత్రం దూకుతున్న నల్ల చిరుతపులిని పెద్దగా వేసుకున్నారు, బ్రిటిష్ వాయుసేన గుండ్రని గుర్తు మీదుగా దూకుతున్నట్టు. కాగితం మీద ఒక చిహ్నం, విమానం మీద ఇంకో చిహ్నం. పై నుంచి ఇచ్చిన గుర్తుని గౌరవిస్తూనే పని చేసేవాళ్ళు తమదైన గుర్తొకటి వేసుకోవడం అప్పుడూ ఉంది. ఖోబార్ దర్జీ దగ్గరికి కాగితం ముక్క మీద బొమ్మ పట్టుకొచ్చిన 1990 నాటి మెకానిక్ కూడా ఆ తోవలోని వాడే.

ఇప్పుడు ఆ 'నమ్మకమైన మిత్రుడు' అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఈ మైత్రి ఖరీదు ఎవరు కట్టారు?

1766లో నిజాం ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా తీరమంతా. 1798లో సైన్య సహకార ఒప్పందం కుదిరి కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో మకాం పెట్టింది. దాని ఖర్చు నిజాం భరించాలి. ఆ ఖర్చు కిందే 1800లో కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలు ప్రాంతాలు కంపెనీ చేతికి వెళ్ళాయి. దత్తమండలాలు అని పిలిచింది వాటినే. 1853లో సైన్యపు బాకీ కింద బేరార్ కూడా పోయింది. సిపాయిల జీతం బదులు జిల్లాలకి జిల్లాలు చెల్లువేసిన మైత్రి ఇది. తెలుగు వాళ్ళు మూడు ముక్కలుగా పెరగడానికి, మూడు రకాల యాసలతో, మూడు రకాల చరిత్రలతో ఇవాళ గల్ఫ్‌లోని ఒకే గదిలో కలుసుకోవడానికి వెనక ఈ లెక్కలున్నాయి. కడప వాడూ, కరీంనగర్ వాడూ, గోదావరి వాడూ ఒకే వంటగదిలో పప్పులో చింతపండు ఎంత వెయ్యాలో వాదించుకునేటప్పుడు, ఆ గీతలు గీసినది 1766, 1800 నాటి ఒప్పందాలని ఎవరికీ గుర్తుండదు.

ఇక విమానాల డబ్బు. ఖజానా నిజాందే. ఖజానాలోకి వచ్చింది ఎక్కణ్ణించి? భూమి శిస్తు నుంచి. సర్ఫ్-ఎ-ఖాస్ అనే సొంత భూముల రాబడి నేరుగా నిజాంకి చేరేది. జాగీర్లలో జాగీర్దారు, పల్లెల్లో దేశ్‌ముఖు, పటేలు, పట్వారీ. అడుగున వెట్టి చేసే మనిషి. యుద్ధకాలంలో దీనికి తోడు లెవీ ధాన్యం. పండినా పండకపోయినా గింజలు కొలిచి పెట్టాలి. ఈ లెవీ మీద, వెట్టి మీద పుట్టిన కోపమే తెలంగాణ రైతాంగ పోరాటానికి నిప్పు పెట్టింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి ఒరిగిపోయాడు. బర్మాలో నల్ల చిరుతలు వేసుకున్న స్పిట్‌ఫైర్లు ఎగిరిన రెండేళ్ళకే ఇది. ఫలానా గింజతో ఫలానా రెక్క వచ్చిందని ఎవరూ లెక్క తీయలేరు. కానీ తలపాగా బొమ్మ కింద నమ్మకం అనే మాట చదివినప్పుడు, ఆ నమ్మకం రాజుకీ రాజుకీ మధ్యదే గాని రైతుకి అందులో మాటలేదన్నది మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

కోస్తా వైపు కథ ఇంకో రకం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు 'బాంబుల ఏడు' అని గుర్తు చేసుకునేది దాన్నే. మద్రాస్ ప్రెసిడెన్సీ పేరు పెట్టుకున్న మూడు స్క్వాడ్రన్లలో ఆ రోజు విశాఖ ఆకాశంలో ఒక్కటీ లేదు. కానుకగా ఇచ్చిన విమానం దాత ఇంటి మీద కాపలా కాయాలన్న నియమం ఎక్కడా రాసి లేదు మరి.

హైదరాబాద్ సంగతీ అంతే. మూడు స్క్వాడ్రన్లకి పేరిచ్చిన ఆ సంస్థానానికి 1948లో సొంత యుద్ధ విమానం లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు రాత్రిపూట కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో దొంగతనంగా ఆయుధాలు చేరవేసేవాడు. పాత మిత్రుడు బ్రిటన్ అప్పటికి మూటగట్టుకుని వెళ్ళిపోయింది. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న ముగిసింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు రాష్ట్రాల్లో కలిసిపోయి పటం మీంచే పోయింది.

అది పోయిన రెండేళ్ళకి, 1958 అక్టోబరులో, బహ్రెయిన్‌లో 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ మళ్ళీ లేచింది. చిహ్నం మారలేదు, నినాదం మారలేదు. దేశం లేదు, రాజ్యం లేదు, తలపాగా మాత్రం ఎడారి గాలిలో ఎగురుతోంది. చిన్న చిన్న ఇసుక మైదానాల మీద కూడా దిగగల ట్విన్ పయనీర్లు ఇప్పటి ఎమిరేట్స్, ఒమాన్ ప్రాంతాలకి సైనికుల్నీ సామాన్నీ మోసేవి. బురైమీ ఒయాసిస్సు కోసం బ్రిటన్ రక్షణలోని షేక్‌లకీ సౌదీకీ తగాదా. 1955లో బ్రిటిష్ అధికారుల కింది దళాలు సౌదీ మనుషుల్ని అక్కణ్ణించి వెళ్ళగొట్టాయి. 1956లో సూయజ్ గొడవతో సౌదీ బ్రిటన్‌తో దౌత్య సంబంధాలే తెంచుకుంది. మళ్ళీ కలిసింది 1963లో. అంటే నాలుగేళ్ళకి పైగా, ఆ 50 కిలోమీటర్ల నీటికి ఇవతల ధహ్రాన్‌లో అమెరికన్లు 1962 దాకా వాడుకున్న స్థావరం, అవతల సౌదీకి గిట్టని బ్రిటిష్ విమానాల మీద నిజాం తలపాగా. మక్కా వెళ్ళే తన యాత్రికుల కోసం అక్కడ రుబాత్‌లనే వసతి గృహాలు కట్టించిన వంశం ఆసఫ్ జాహీలది. వాళ్ళ తలపాగా సౌదీకి ఎదురుగా ఉన్న శిబిరంలో తేలడం చూస్తే, చిహ్నాలకి యజమాని చెప్పిన మాట వినే అలవాటు లేదనిపిస్తుంది. ఒకసారి కుట్టాక అవి తొడుక్కున్నవాడి మాటే వింటాయి.

ఈ నీటి మీద రాకపోకలు ఒక వైపువే కావు. అంతకు ముందు వందేళ్ళకి పైగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి హైదరాబాద్ వచ్చారు. బారక్స్ అనే మాట నోళ్ళలో నలిగి బార్కస్ అయిన పేట వాళ్ళదే. చావుష్ అని వాళ్ళని పిలిచే పేరు తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు. అంటే అదీ ఒక బ్యాడ్జీయే, జాతి పేరుగా మిగిలిపోయింది. 1970ల్లో చమురు ధర పెరిగాక గాలి తిరిగింది. హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు ఇటు రావడం మొదలైంది. వాళ్ళు కత్తి పట్టుకుని కొలువుకి వచ్చారు, మనవాళ్ళు పానా పట్టుకుని వచ్చారు.

సౌదీ వాయుసేన కథలో కూడా పానా పట్టుకున్నవాళ్ళదే పెద్ద భాగం. 1960ల మధ్యలో లైట్నింగ్ విమానాలు కొన్నప్పుడు వాటితో పాటు బ్రిటిష్ కంపెనీల మరమ్మతు మనుషులూ వచ్చారు. 1985లో కుదిరిన అల్ యమామా ఒప్పందంతో టోర్నడోలు, ఇంకో వైపు అమెరికా నుంచి ఎఫ్-5లు, ఎఫ్-15లు వచ్చాయి. విమానాన్ని ఒక్కసారే కొంటారు, బాగుచేయడం మాత్రం ముప్పై ఏళ్ళు సాగుతుంది. అందుకే ధహ్రాన్, తాయిఫ్, ఖమీస్ ముషైత్, తబూక్ ఊళ్ళల్లో విదేశీ మెకానిక్కుల కాలనీలు వెలిశాయి.

1990లో ఫ్లోరిడాలోని ఎగ్లిన్ నుంచి 33వ వింగ్‌లోని 58వ స్క్వాడ్రన్ ఎఫ్-15లతో తబూక్ వచ్చి దిగింది. వింగ్ మారుపేరు 'నోమాడ్స్', అంటే సంచారులు. స్క్వాడ్రన్ గుర్తు గొరిల్లా. 1991 యుద్ధంలో ఆ దళం ఆకాశంలో 16 విమానాల్ని కూల్చింది. మిగతా ఏ దళమూ అన్ని కూల్చలేదు. ఆ కీర్తి పైలట్లకి వచ్చింది. అయిదేళ్ళ తర్వాత, 1996 జూన్ 25 రాత్రి, ఖోబార్ టవర్స్ అనే నివాస భవనం ముందు పేలుడు పదార్థాలు నింపిన లారీ పేలింది. 19 మంది అమెరికన్ వాయుసేన వాళ్ళు పోయారు. వాళ్ళల్లో 12 మంది ఆ సంచారులే. ఆ పన్నెండుమందిలో ఒక్క పైలట్ లేడు. గొరిల్లా బిళ్ళ భుజాన పెట్టుకుని రాత్రంతా విమానాలకి కాపు కాసేవాళ్ళ వరస వాళ్ళది. గాయపడినవాళ్ళు వందల్లో ఉన్నారు, వాళ్ళల్లో ఇతర దేశాల వాళ్ళూ ఉన్నారు. ఖోబార్‌లో ఆ రాత్రి అద్దాలు పగిలిన ఇళ్ళల్లో మన భాష మాట్లాడే ఇళ్ళూ లేకపోలేదు. ఎగ్లిన్‌లో వాళ్ళ పేర్లతో స్మారకం కట్టారు. ఏటా పేర్లు పిలుస్తారు. అది సరైన పని, ఏ దేశమైనా నేర్చుకోవలసిన పని.

ఇక మనవాళ్ళ బిళ్ళలు. గల్ఫ్‌కి వచ్చిన ప్రతివాడికీ ఒక బిళ్ళ ఉంటుంది. నీలం కవరాల్ జేబు మీద కంపెనీ గుర్తు, మెళ్ళో గేటు పాసు, జేబులో ఇకామా. ఒక కంపెనీ ఒప్పందం ముగిసి ఇంకో కంపెనీకి పని దక్కితే, అదే మనిషి అదే పని చేస్తూ వారం తిరక్కుండా ఇంకో గుర్తు తొడుక్కుంటాడు. థుక్బాలో దర్జీ పాత గుర్తు విప్పి కొత్తది కుడతాడు. కొందరు ఇరవై ఏళ్ళల్లో అయిదారు గుర్తులు మార్చారు. సెలవుకి ఇంటికెళ్ళేటప్పుడు కవరాల్ ఎవరూ పట్టుకెళ్ళరు. ఊళ్ళో పిల్లలకి నాన్న పని గురించి తెలిసేది అత్తరు సీసా, ఖర్జూరం డబ్బా, దుప్పటి. ఆయన ఏ యంత్రం దగ్గర నిలబడ్డాడో, ఎవరి గుర్తు మోశాడో తెలియదు.

నిజాంని తిట్టడానికి గానీ బ్రిటిష్ వాళ్ళని పొగడటానికి గానీ ఇది రాయడం లేదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయమూ, ఉస్మాన్ సాగరూ, హైకోర్టూ వచ్చాయి. వాటి నీళ్ళు తాగినవాళ్ళం, వాటిలో చదువుకున్నవాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. హిట్లర్‌ని ఆపిన యుద్ధంలో మన డబ్బు ఉందంటే సిగ్గుపడాల్సిన పనీ లేదు. నా మాట అంతా ఒక్కటే. చిహ్నాన్ని చదివేటప్పుడు బొమ్మలో ఉన్నవాణ్ణి చూసి ఊరుకోకూడదు. డబ్బు ఎవరిది, చెయ్యి ఎవరిది అని కూడా అడగాలి. 152 బ్యాడ్జీలో డబ్బు తెలంగాణ పొలానిది, చెయ్యి ఇంగ్లండ్ రిగ్గర్‌ది, ఫిట్టర్‌ది. తలపాగా ఇద్దరిదీ కాదు.

ఈ ఊళ్ళల్లో బతికిన మన తరానికి ఒక పని చేతిలో ఉంది, ఖర్చు లేనిది. ఎవరి అటకల మీదైనా పాత గేటు పాసులు, కవరాల్ జేబు గుర్తులు, సర్వీసు సర్టిఫికెట్లు ఉంటే పారెయ్యకండి. వెనకాల మనిషి పేరు, ఊరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏం పని అన్నది తెలుగులో రాసి పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు. వందేళ్ళ కిందటి నిజాం విమానం మీది అక్షరాల్ని క్రకోవ్ నుంచి వెతికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. మన నాన్నల జేబు మీది అక్షరాల్ని అటక మీంచి దింపుకోవడం అంతకంటే కష్టం కాదు.

లండన్ నడిబొడ్డున సెయింట్ క్లెమెంట్ డేన్స్ అని ఒక చర్చి ఉంది. 1941లో బాంబులకి కాలిపోతే మళ్ళీ కట్టి రాయల్ ఎయిర్ ఫోర్స్‌కి అప్పగించారు. దాని నేల నిండా వేల్స్ పలకరాయిలో చెక్కిన వాయుసేన బ్యాడ్జీలు, 800 పైచిలుకు. గోడల వెంట గాజు పెట్టెల్లో లావుపాటి పుస్తకాలు, పోయినవాళ్ళ పేర్లతో. వాటిలో పైలట్లూ ఉన్నారు, ఫిట్టర్లూ ఉన్నారు, హోదా చూడకుండా పేరు పక్కన పేరు. మన రైతులకీ, మన గల్ఫ్ కూలీలకీ అలాంటి పుస్తకం ఒకటి ఇంకా మొదలు కాలేదు.